ఏడు గంటల మందు

పైగా నేనూ నవ్వాను. అదే నాకు మింగుడు పడనిది. తమ్ముడు నవ్వాడంటే వాడి నోటికి తాళం ఎప్పుడూ లేదు. డాక్టరమ్మ నవ్విందంటే కొత్త మనిషి, మర్యాదకి నవ్వింది. నాకేం వచ్చింది? నా మీద వేసిన వేళాకోళానికి నేనే పళ్లికిలించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వానే!

నిన్నటి సంగతి అది. ఇప్పుడు పొద్దున్న ఆరున్నర. గుమ్మడిపాదు దగ్గర గొంతుక్కూర్చున్నాను. మగపువ్వు రేకులు తుంచేసి, మధ్యలో మిగిలిన పుప్పొడి కాడని ఆడపువ్వులో రుద్దుతున్నాను. ఆడపువ్వు అడుగున గోళీకాయంత పిందె ఉంటుంది. పదింటికల్లా పువ్వు ముడుచుకుంటుంది. ఆలోగా పుప్పొడి అందకపోతే ఆ పిందె పచ్చబడి, మెత్తబడి రాలిపోతుంది. ఇవాళ పధ్నాలుగు ఆడపువ్వులు విచ్చాయి. గడ్డి ఎండిపోయే రోజుల్లో ఈ గుమ్మడికాయలే ముక్కలు కోసి ఆవులకి వేస్తాం. కాబట్టి ఇది నా సరదా కాదు, మేత.

నాలుగేళ్లుగా ఇదే పని. అంతకుముందు చెయ్యాల్సిన అవసరమే ఉండేది కాదు. అప్పట్లో ఈ పాటికి, పాదు అల్లుకున్న కంచె పొడవునా జుమ్మని ఒకటే మోత. పాలగది గోడ బీటలోంచి వచ్చే నల్లటి చిన్న తేనెటీగలు, కుట్టడం కూడా చేతకానివి, పువ్వుల్లోకి దూరి ఒళ్లంతా పసుపు పూసుకుని బయటికొచ్చేవి.

తర్వాత తమ్ముడు ఆవులు పెంచాడు. ఆవులు పెరిగాయి కాబట్టి వాటి రక్తం పీల్చే పిడుదులు పెరిగాయి. పిడుదులకి మందు కొట్టడానికి కంచెని ఆనుకునే రెండు వరసల కర్రలు పాతి ఒక సందు కట్టించాడు. నీడగా ఉంటుందని. మూడు వారాలకోసారి పొద్దున్న ఏడింటికి ఆవులు అందులో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. కూలికొచ్చే పొడుగోడు వీపున మందు డబ్బా తగిలించుకుని కొట్టుకుంటూ పోతాడు. సగం మందు ఆవుల మీద, సగం పువ్వుల మీద. మధ్యాహ్నానికి పాలగది గడప దగ్గర ఆవాలు ఒలికినట్టు చచ్చిన తేనెటీగలు. చీపురుతో ఊడ్చింది నేను.

మొదటి ఏడు చెప్పాను. "సాయంత్రం కొట్టిద్దాంరా, పువ్వులు ముడుచుకుంటాయి, ఈగలు గూటికి చేరుకుంటాయి" అన్నాను. "ఈగలు చావడానికే కదక్కా మందు!" అన్నాడు. రెండో ఏడు చెబితే "సాయంత్రం దోమలు" అన్నాడు. మూడో ఏడు "నువ్వు పాలు చూసుకో, మందు సంగతి నాకొదిలెయ్" అన్నాడు. నాలుగో ఏడు నేను చెప్పలేదు. చెప్పడం మానేశాక ఒక విచిత్రం జరిగింది. నేను చెప్పలేదు కాబట్టే వాడు వినలేదని నాకు నేను నచ్చజెప్పుకోవడం మొదలుపెట్టాను.

నిన్న దూడలకి టీకాలు వెయ్యడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. నాకు కూతురుంటే అంతే ఉండేది. నా చేతిలో పువ్వు చూసి "ఏం చేస్తున్నారండీ?" అని ఆగింది. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు అందుకున్నాడు.

"మా అక్క పెళ్లిళ్ల పేరమ్మ అండీ! తన పెళ్లి ఎగ్గొట్టి ఈ పువ్వులకి చేస్తోంది."

నవ్వాం. ముగ్గురం. నా పెళ్లి ఎందుకు ఎగిరిపోయిందో వాడికి తెలుసు. అమ్మ పోయిన ఏడు వాడికి ఆరేళ్లు.

డాక్టరమ్మ నవ్వు ఆపి, కంచె వైపు ఒకసారి చూసి, సందు వైపు ఒకసారి చూసి, "మందు ఎప్పుడు కొడతారు?" అంది. "పొద్దున్నేనండీ" అన్నాడు వాడు. "సాయంత్రానికి మార్చండి. పువ్వు మీద తేనెటీగ ఉన్నప్పుడు పడకూడదు."

అంతే. టీకా సూది తుడుచుకుంటూ చెప్పింది.

"అదేనండీ, నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు తమ్ముడు. తర్వాత నా వైపు తిరిగాడు. "విన్నావా అక్కా? పువ్వు మీద ఈగ ఉన్నప్పుడు పడకూడదట. చదువుకున్నవాళ్లు చెబితే ఎంత తేలిగ్గా అర్థమవుతుందో చూడు!"

నాకే చెప్పాడు. నా మాట నాకే, కొత్త కాగితంలో చుట్టి.

సంతోషించాలి. ఎవరి నోట వస్తేనేం, పని జరిగితే చాలదా, అని నాలో మంచితనం అంది. ఈ మంచితనం నాకు బాగా తెలుసు. భోజనాల వేళకి మాత్రమే దిగే చుట్టం లాంటిది. నాకు కోపం వచ్చి, ఆ కోపం వడ్డనకి సిద్ధమయ్యే సమయానికి తలుపు తోసుకుని వచ్చి పీట వేసుకుంటుంది. తిని పోతుంది. నేను మళ్లీ పాలగిన్నెలు తోముకుంటాను.

అసలు నాకు కావలసింది తేనెటీగలా, లేక "నువ్వు చెప్పింది నిజమే అక్కా" అనే ఒక్క మాటా? ఇది నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న. పదో పువ్వు దగ్గరికి వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాను.

పదో పువ్వులో అప్పటికే ఎవరో ఉన్నారు.

పాలగది గోడ మీద ఎండ పడింది. బీటలోంచి ఒకటి, ఇంకొకటి, గాలిలో కాస్త తడబడి, నేరుగా పాదు మీదికి వచ్చాయి. కిందటేడంతా ఒక్కటీ కనపడలేదు. గూడే పోయిందనుకున్నాను. ఏడు లెక్కపెట్టాను. పదో పువ్వులోది బోర్లా పడి, వెనక కాళ్లు మాత్రం కనిపించేలా తవ్వుకుంటోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా పని నాకన్నా బాగా చేస్తోంది. ప్రశ్నకి జవాబు దొరికింది. ఆ ఒక్క మాట వాడి దగ్గరే ఉంచుకోమను. నాకు ఈ ఏడు ఈగలూ కావాలి.

అప్పుడే గిట్టల చప్పుడు.

తలెత్తి చూస్తే ఆవులు సందులోకి వస్తున్నాయి. వెనకాల తమ్ముడు "హే, హే" అంటున్నాడు. పొడుగోడు డబ్బా పట్టీలు బిగించుకుంటున్నాడు.

"ఇవాళేంట్రా?"

"ఇవాళ్టికి కానిచ్చేద్దాం అక్కా. మందు కలిపేశాం. వచ్చేసారి నుంచి సాయంత్రమే."

"నిన్న ఆవిడ ముందు సరేనన్నావు."

"అన్నాను. ఇవాళ్టి నుంచి అనలేదుగా!"

"ఆ మందు సాయంత్రానికి చెడిపోతుందా?"

"చెడదు. పొడుగోడు ఉండడు."

"మధ్యాహ్నం నాకు వేరే చోట పనుందండీ" అన్నాడు పొడుగోడు, నేల చూస్తూ.

"డబ్బా ఇక్కడ పెట్టి వెళ్లు. సాయంత్రం పాలు పిండాక నేను కొడతాను."

తమ్ముడు పగలబడి నవ్వాడు. "ఇరవై లీటర్ల డబ్బా! నీ నడుం పడిపోతే నిన్నటి డాక్టరమ్మనే పిలవాలి మళ్లీ."

పొడుగోడు నవ్వాడు. ఈసారి నా మూతి కదల్లేదు. కదలకుండా ఉండడానికి కష్టపడాల్సి వస్తుందనుకున్నాను, రాలేదు.

"ఇవిగో, చూడు. వచ్చాయి మళ్లీ. ఏడున్నాయి."

వాడు చూడలేదు. ఆవు మెడకింద పిడుదు ఒకటి పీకి, చెప్పుతో రాసేశాడు. తర్వాత నిజంగా ఆప్యాయంగానే అన్నాడు. "అక్కడి నుంచి లే అక్కా. అక్కడ కూర్చుంటే తుంపరంతా నీ మీదే పడుతుంది. కళ్లు మండుతాయి."

ఏ మాటకి నాలో ఏది తెగుతుందో ముందే తెలిస్తే బాగుండును. పెళ్లిళ్ల పేరమ్మ అన్నప్పుడు తెగలేదు. నా మాట నాకు చెప్పినప్పుడూ తెగలేదు. ఇప్పుడు తెగింది. తుంపర ఇక్కడ పడుతుందని వాడికి తెలుసు. ఎంతవరకు పడుతుందో, పడితే ఏమవుతుందో తెలుసు. నాలుగేళ్లూ తెలుసు. వాడికి అర్థం కావడం లేదు పాపం అని నాలుగేళ్లు వాడిని కాపాడుకుంటూ వచ్చింది నేను. వాడికి అర్థం కాకపోవడమేంటి? వాడికి అక్కర్లేదు. అంతే. ఎంత చిన్న సంగతి! దీనికి నేను ఎన్ని సాకులు కుట్టి తొడిగాను!

లేచాను. వాడు చెప్పినందుకే లేచాననుకుని "ఆ, అలా పక్కకి రా" అన్నాడు. పొడుగోడు పిడి రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు. డబ్బాలో గాలి బుసకొట్టింది.

సందు పొడవునా నడిచాను. ఆవులు ఒక్కొక్కటే తల తిప్పి చూశాయి. చివర, మొదటి ఆవు ఛాతీకి అడ్డంగా కర్ర ఉంది. దాని అవతల మేత మైదానం. సాయంత్రం పాలకి ఎలాగూ అవే తిరిగొస్తాయి, ఎవరూ పిలవక్కర్లేదు.

కర్ర మంచుకి ఉబ్బి బిగుసుకుపోయింది. అరచేత్తో గుద్దాను. కదిలింది.

"అక్కా? ఏయ్ అక్కా, ఏం చేస్తున్నావ్?"

రెండు చేతులా పట్టుకుని, కర్రని బయటికి లాగేశాను.