ఆటలో లేని అలుగు

"నీ బిడ్డ అలుగు చూసొస్తనని పోయింది పిల్లా. అమ్మకు చెప్పవ్వా అన్నది. చెప్తున్న" అని పక్కింటి హన్మమ్మ గడపలోంచే చెప్పి, వెనక్కి తిరిగింది.

నా చేతులకు రొట్టె పిండి ఉంది.

"ఎప్పుడు పోయిందవ్వా?"

"ఇప్పుడు గాదు. నేను పండ్లు తోముకునేటప్పుడు."

ఆమె పళ్ళు తోముకొని రెండు గంటలు దాటింది.

ఏళ్ళ తరబడి ఎండిన మా ఘణపూర్ చెరువు ఆ వానాకాలం నిండింది. వారం నుంచి అలుగు పారుతోంది. కట్ట చివరి రాతిగోడ మీదుగా నీళ్ళు తెల్లగా దూకుతుంటే చూడటానికి వనపర్తి నుంచి కూడా జనం బండ్లేసుకొని వస్తున్నారు. రెండు రోజుల కింద ఒక దూడ అందులో కొట్టుకుపోయింది. నేను మాత్రం సుమనను అటువైపు అడుగు వేయనివ్వలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల. నాకున్నది అదొక్కతే. అది దగ్గితే నా గుండె ఆగుతుంది.

పిండి చేతులతోనే పరుగెత్తాను.

దారి పొడుగునా ఒకటే మాట తొలుస్తోంది. దాన్ని బయటికి పొమ్మన్నది నేనే. మా మరిది నిరంజన్ వనపర్తిలో కంప్యూటర్ నేర్పుతాడు. అక్కడ పాతబడిన కంప్యూటర్ ఒకటి, టీవీ అంత డబ్బా, దసరా సెలవులకని తెచ్చి మా ఇంట్లో పెట్టి పోయాడు. అందులో జూ కట్టే ఆట ఉంది. కంచె వేయాలి, గడ్డి పరచాలి, జంతువును తెచ్చి లోపల విడవాలి. జనం వచ్చి చూస్తారు. సుమన దాని ముందు కూర్చుంటే అన్నానికి కూడా లేవదు. ఈ మధ్య దానికి కొత్త పిచ్చి పట్టింది. ఆటలో లేని జంతువులు కావాలట.

"సింహం ఉన్నది, తెల్లపులి ఉన్నది, మంచుల తిరిగే ఎలుగ్గొడ్డు ఉన్నది. మన దుమ్ములగొండి లేదు, మన ఉడుము లేదు. గిదేం జూ చిన్నాయినా?" అని మరిది వచ్చినప్పుడు నిలదీసింది.

అతను నవ్వులాటకు అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియదు. "ఏమేం కావాల్నో రాసియ్యి. ఆట చేసెటోళ్ళకు పంపిస్త. దేశదేశాల పిల్లలు గట్లనే రాస్తరంట. కని ఉత్త పేరు రాస్తే ఇయ్యరు. ఏం తింటది, కాళ్ళకు గోర్లెన్ని, అన్ని నువ్వే చూసి రాయాలె."

ఇక నోటుబుక్కు చేత్తో పట్టుకొని ఇల్లంతా తిరగడమే. ఆ పొద్దున నేను పొయ్యి ఊదుతుంటే వచ్చి, పేజీ తెరిచి, "అమ్మా, జర చూడు" అంది. నేను చూడలేదు. "నన్ను ఆరో తరగతిల్నే బడి మాన్పించిండ్రు. నీ జూ గురించి నాకేం తెలుస్తది? ఆ డబ్బా ముందర కూసుంటే కండ్లు పోతయి. పో, బయట ఆడుకో పో" అని వైరు పీకేశాను.

అందుకే అలిగి అలుగు దగ్గరికి పోయిందనుకున్నాను.

కట్ట మీద జనం ఉన్నారు. కనబడిన వాళ్ళనల్లా అడిగాను. మా వీధిలో బట్టలు కుట్టే అమృతమ్మ నన్ను ఆపింది.

"ఏం గౌను ఏసుకున్నదో చెప్పు ముందు."

పొద్దున నేనే స్నానం చేయించాను. నేనే తల దువ్వాను. గౌను నేనే తొడిగాను. రంగు గుర్తు రావడం లేదు. కళ్ళ ముందు తెల్లటి నీళ్ళు తప్ప ఏ రంగూ లేదు.

"ఆకుపచ్చదా? ఆకుపచ్చ గౌను పిల్ల ఒకతి ఇందాక గా బండ మీద కూసున్నది."

"ఆకుపచ్చదే" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. రంగు దొరికితే పిల్ల దొరికినట్టే అనిపించింది.

అంతే, తలా ఒక మాట మొదలైంది.

"అవు, నేను గూడ చూసిన. ఒంగి నీళ్ళల్ల చెయ్యి పెట్టింది."

"జారినట్టే అయింది. నేను మేకపిల్ల అనుకున్న."

ఒక్కొక్కరి నోట నా బిడ్డ ఒక్కొక్క అడుగు కిందికి జారింది. నా భర్త శివశంకర్ పొలం నుంచి ఉరికి వచ్చేసరికి అది మునిగిపోయింది కూడా.

ఆయన నన్నేమీ అడగలేదు. చొక్కా విప్పి, బావి మోకు నడుముకు కట్టుకొని, రెండో కొస పక్క పొలం సీతారాములు చేతికిచ్చి, అలుగు కింది మడుగులోకి దిగాడు. ఈత ఆయనకు రాదు. నలుగురు మోకు పట్టుకున్నారు. మునిగిన తుమ్మకంపలను ఒక్కొక్కటే పట్టుకుంటూ, తల ముంచి, చేత్తో తడిమి, మళ్ళీ పైకి లేస్తున్నాడు. లేచిన ప్రతిసారీ చేతుల్లో ఏముందో చూడలేక నేను కళ్ళు మూసుకున్నాను. కట్ట మీదే కూర్చుండిపోయాను.

"ఎవరు పడిండ్రమ్మా?"

నా వెనక నుంచి.

సుమన. నోటుబుక్కు చంకలో పెట్టుకొని, మునివేళ్ళ మీద లేచి, నా తల మీదుగా నీళ్ళలోకి చూస్తోంది. గౌను పసుపుపచ్చది.

నేను దాన్ని పట్టుకోలేదు. ఏడవలేదు. చచ్చి నా ముందుకొచ్చిందనే అనుకున్నాను. "నువ్వే" అన్నాను.

"నేనా?" అని అది మళ్ళీ నీళ్ళకేసి చూసింది.

అమృతమ్మ చూసి గుండెలు బాదుకుంది. "దొరికింది! ఓ శివశంకరూ, పిల్ల దొరికింది!"

నీళ్ళ హోరులో ఆ కేకలోంచి 'దొరికింది' ఒక్కటే ఆయన దాకా పోయినట్టుంది. కంప పట్టుకొని తలెత్తాడు. నీళ్ళలో వెతికేవాడికి దొరికింది అంటే అర్థం ఒకటే. అది ఆయన ముఖంలో కనబడింది. రెండు చేతులూ కంపను వదిలేశాయి. జారి కాదు. వదిలేశాడు. నీళ్ళు తల మీదుగా పోయాయి.

"గుంజుండ్రి! గుంజుండ్రి!" అని సీతారాములు అరిచాడు.

నడుముకు మోకు ఉండబట్టి బతికాడు. గట్టున పడుకోబెడితే నీళ్ళు కక్కి, కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"కప్పిండ్రా? మీద ఏమన్న కప్పిండ్రా?"

సుమన పోయి పక్కన గొంతుక్కూర్చుంది.

"నాయినా, నీకు ఈత ఎప్పుడొచ్చింది?"

కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఉన్న దాని పాదం రెండు చేతులతో పట్టుకున్నాడు. వదల్లేదు. పాదమే పట్టుకొని ఉన్నాడు.

అప్పుడు వచ్చింది నాకు కోపం. చెయ్యెత్తాను. "అలుగుకు పోతనని చెప్పి యాడ తిరిగినవే?"

"అలుగు కోసమే పోయిన. ఖిల్లా గుట్టకు."

"గుట్ట మీద అలుగేందే?"

దాని వెంటే దిగివచ్చిన ముసలాయన కర్ర ఆనించుకొని నవ్వాడు. ఖిల్లా గుట్ట మీద గొర్రెలు మేపే కురుమయ్య. "నీళ్ళ అలుగు గాదమ్మా. అది జీవం. ఒళ్ళంత చేప లెక్క పొలుసులుంటయి. పుట్టలు తవ్వి చీమలు తింటది. ముట్టుకుంటే చెండు లెక్క చుట్టుకుంటది. మొన్న నేనే చెప్పిన దీనికి. మా చిన్నప్పుడు మస్తుండె, ఇప్పుడు యాడున్నయి? ఇంట్ల కంప్యూటర్ పెట్టుకున్నరు గని, అలుగంటే తెల్వకపాయె."

గద్వాల దిక్కు పుట్టిన నేను ఆ పేరుతో ఒక జంతువు ఉందని ఎప్పుడూ వినలేదు. సుమన నోటుబుక్కు నా ముందు తెరిచింది. దుమ్ములగొండి, ఉడుము, వాటి కింద అలుగు. గోర్లు అని రాసి పక్కన ఖాళీ వదిలింది. పొద్దున నన్ను చూడమన్నది ఆ పేజీనే.

హన్మమ్మ అప్పటికి ఆయాసపడుతూ కట్టెక్కింది. "నేను నీళ్ళని అన్ననా? అలుగన్నది, అలుగన్న. దాని మాటే నీకు చెప్పిన."

ఆకుపచ్చ గౌను పిల్ల జనంలో తల్లి చెయ్యి పట్టుకొని నిలబడే ఉంది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నేనూ నవ్వబోతూ దాని కుడిచెయ్యి చూశాను. వేళ్ళ నుంచి భుజం దాకా ఎర్రమట్టి.

"ఇదేంది?"

"పుట్ట బొక్కల చెయ్యి పెట్టిన. గోర్లెన్నున్నయో తెలియాలె గద."

"తగిలిందా మరి?" కురుమయ్య ముఖం మీద నవ్వు ఇంకా పోలేదు.

"తగిలింది తాతా. కని నువ్వు గరుకుంటది అన్నవ్. గిది నున్నగున్నది. సల్లగున్నది. నేను ముట్టంగనే కదిలింది."

కురుమయ్య కర్ర కింద పడేసి దాని చెయ్యి అందుకున్నాడు. "కరిసిందా బిడ్డా?"

"ఏమో. కంప శాన గీరుకున్నది."

ఎవరో చెంబుతో నీళ్ళు పోశారు. మట్టి జారాక చూస్తే చెయ్యి నిండా గీతలే. ఎర్రటి చుక్కలు. ఏది ముల్లో, ఏది కోరో ఎవరు చెప్పాలి? శివశంకర్ తడి బట్టలతోనే లేచి నిలబడ్డాడు. "సీతారాములూ, బండి తే. వనపర్తి దవాఖానకు పోదాం." సీతారాములు పరుగెత్తాడు.

కురుమయ్య కట్ట కింద వేపచెట్టుకు రెమ్మ విరిచాడు. విషం ఎక్కినవాళ్ళకు వేపాకు చేదు తెలియదంటారు మా దిక్కు. నాలుగు ఆకులు దాని నోట్లో పెట్టి, "నములు" అన్నాడు. నమిలింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

ఆ చెట్టు ఆకు అసలు చేదేనా అని నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. గడ్డి నమిలినట్టుంది. ఇంకొకటి నమిలాను. ఏమీ లేదు. "ఈ చెట్టు మంచిది గాదు! ఇంకో చెట్టు ఆకు తేండ్రి!" అని అరిచాను.

శివశంకర్ నా చేతిలోంచి ఒక ఆకు తీసుకొని నమిలి ఉమ్మేశాడు. నా ముఖంలోకి చూశాడు.

"చేదుగనే ఉన్నది పూర్ణిమా" అన్నాడు మెల్లగా.

సుమన ఇంకా నములుతోంది. అందరం దాని నోరే చూస్తున్నాం. ఉన్నట్టుండి ముఖమంతా ముడుచుకొని, "థూ! గింత చేదు ఎందుకు పెట్టినవ్ తాతా?" అని భోరుమని ఏడ్చింది.

బండి వచ్చింది. దాన్ని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకొని ఎక్కాను. వేపరెమ్మ వదల్లేదు. వనపర్తి చేరేదాకా మైలురాయి కనబడినప్పుడల్లా ఒక ఆకు పెట్టాను. ఆకు పెట్టిన ప్రతిసారీ అది ఏడ్చింది. ఏడుపు ఆగితే నేను ఇంకొకటి పెట్టాను.

దవాఖానలో డాక్టరమ్మ చెయ్యి తిప్పి తిప్పి చూసింది. కండ్లలో లైటు కొట్టింది. "అన్ని కంప గీతలేనమ్మా. గాటు ఎక్కడా లేదు. అయినా సాయంత్రం దాకా ఇక్కడనే ఉంచుండ్రి, చూస్తం" అంది. తర్వాత నా చేతిలో రెమ్మ చూసి, దాన్ని లాక్కొని కిటికీ అవతల పారేసింది.

"ముందు పిల్ల నోరు కడుగుండ్రి."