పిచ్చమ్మ మొక్కు

"కారిచ్చి తీసుకెళ్తామంటుంటే తిరపతి మానేసి వాడరేవా? ఎండు చేపలు చూడ్డానికా?" పొద్దున మొదలుపెట్టిన పోరు పిచ్చమ్మ ఇంకా ఆపలేదు.

క్యాన్సర్ పిల్లల కోరికలు తీర్చే సంస్థవాళ్లు గుంటూరు ఆసుపత్రిలో అడిగితే, మనవరాలు భవ్య వాడరేవులో సముద్రం చూడాలంది. ఆ పిల్లకు నయమైతే తలనీలాలిప్పిస్తానని పిచ్చమ్మ ఎప్పుడో వెంకన్నకు మొక్కుకుంది.

మందులకు ఊడిన జుట్టు ఇప్పుడిప్పుడే చెవుల దాకా వచ్చింది. భవ్య దానికి ఎర్ర క్లిప్పులు పెట్టుకుని, మిరపకాయలు ఆరబోసిన కళ్లంలోకి కూడా అద్దం పట్టుకుని తిరుగుతోంది.

"మళ్లీ గుండా? నేను చేయించుకోను నాయనమ్మా!"

"దేవుడికిచ్చిన మాట తప్పుతావటే?"

"మాటిచ్చింది నువ్వేగా! నన్నడిగావా?"

భవ్య తండ్రి అంకమ్మరావు పకపకా నవ్వాడు. "దొరికిపోయావమ్మా!"

పిచ్చమ్మ జారుతున్న క్లిప్పు సరిచేయబోతే, మనవరాలి కొత్త జుట్టు పసిపిల్ల తలలా మెత్తగా తగిలింది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నాక, పచ్చడి వడ్డిస్తూ మెల్లగా చెప్పింది.

"అందరం వాడరేవుకే పోదాం. పంట అమ్మాక తిరపతి నేను పోయొస్తా. గుండు నేనే చేయించుకుంటా."