కొత్త పైథాన్, పాత ప్రోగ్రాము

ద్వారకానాథ్ చనిపోయిన రోజు కూడా, క్రెయిగీబర్న్‌లోని వాళ్ల ఇంటి పెరట్లో ఆయన అమర్చిన చిన్న కంప్యూటరు ఎప్పటిలాగే చలిని కొలిచి గ్రాఫు గీసింది. మొన్న ఆయన భార్య, సైన్సు టీచరు ఉదయలక్ష్మి, అందులో ఉన్నవన్నీ అప్‌డేట్ చేసింది. మెమరీ చాలక అది ఆగిపోయింది. భర్త రాసిన ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనా మార్చకుండా దాన్ని మళ్లీ నడిపించాలని ఆమె పట్టుదల.

ఆ ప్రోగ్రామును నడిపేది పైథాన్ అనే సాఫ్ట్‌వేరు. పక్కింటి వైశాలి దాని పాత, కొత్త వెర్షన్లను తన ల్యాప్‌టాప్‌లో పోల్చి చూసింది.

"స్ట్రేంజ్ ఆంటీ! కొత్తదే తక్కువ మెమరీ తీసుకుంటోంది."

"మీ అంకుల్ ప్రోగ్రాము పెట్టే చూశావా?"

"లేదు, ఉత్త పైథానే."

"ఖాళీ గిన్నె తూచి కూర బరువు చెప్తావేంటమ్మా!"

వైశాలి నవ్వేసి, ఈసారి ప్రోగ్రాముతో సహా, ఏది ఎంత మెమరీ తింటోందో విడివిడిగా కొలిచింది. బరువు పైథాన్‌ది కాదు, అప్‌డేట్‌లో దానితోపాటే మారిపోయిన ప్యాకేజీది, గ్రాఫులు గీసేదానిది.

"ఒకేసారి రెండూ మార్చేశాను," అంది ఉదయలక్ష్మి. "క్లాసులో ప్రయోగం చేసేటప్పుడు పిల్లలు ఇలా చేస్తే ఊరుకోను."

"అయితే కొత్త పైథాన్‌లో పాత ప్యాకేజీ ట్రై చేద్దామా?"

ఉదయలక్ష్మి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆ రెండూ కలిసి పనిచేస్తాయో లేదో ఇద్దరికీ తెలియదు. అదింకా కొలవాల్సి ఉంది.