కణం రెండయ్యే పాఠం

మా ఆయన కిష్టయ్య సెంట్రింగ్ మేస్త్రి, స్లాబులకు కింద చెక్కలు కొట్టేవాడు. తొంభై ఏడు వానాకాలంలో, మాదాపూర్‌లో లేస్తున్న ఓ పెద్ద బిల్డింగు మీద తడిసిన చెక్కపై కాలు జారి పడ్డాడు. తలకు ఆపరేషన్ చేశారు. మనం చెప్పింది అర్థమవుతుంది గానీ మాట రాదు. మెదడులో నలిగిపోయిన చిన్న ముక్క తీసేశామని, దాన్ని పరీక్ష చేయడానికి సంతకం కావాలని సంయుక్త డాక్టరమ్మ అడిగితే పెట్టాను.

దవాఖాన నుంచి ఇంటికి పంపే రోజు, ఆమె నర్సుతో ఆ పరీక్ష సంగతి చెబుతుంటే నా చెవిన పడింది. దెబ్బ అంచున ఉన్న నరాల కణాలు విభజన మొదలుపెట్టాయట.

నా ప్రాణం లేచొచ్చింది. ఒక కణం రెండవుతుందని, రెండు నాలుగవుతాయని ఎనిమిదో తరగతిలో సారు బోర్డు మీద సున్నాలు గీసి చూపించారు. ఆ వారమే నా చదువు మానిపించారు. అందుకేనేమో, ఆ పాఠం మరిచిపోలేదు. మదీనాగూడలో మా కిరాయి గదికి చేరాక గచ్చు మీద బొగ్గుతో అవే సున్నాలు గీశాను.

"తీసేసిన ముక్క మళ్ల పెరుగుతున్నదట. మాట దానంతటదే వస్తది," అన్నాను.

పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు.

మా అత్త చెన్నమ్మ పాలల్లో బాదం కలుపుతూ, "నీ చదువు ఇన్నేండ్లకు పనికొచ్చింది పో. పెరిగేది జర ఎక్కువనే పెరగనీ. వీనికి మొదటి నుంచి తక్కువనే," అంది.

ఆయన ఇంకా నవ్వాడు.

ఆ రోజు నుంచి మాట అలవాటు కోసం దవాఖానలో ఇచ్చిన బొమ్మల కార్డులు ముట్టలేదు. నేను చూపిస్తే చేయి అడ్డంగా ఊపి, గచ్చు మీది సున్నాల వైపు వేలు పెట్టేవాడు. ఆగు, పెరగనీ అన్నట్టు. ఏడాది నిండని మా పాప దేవిశ్రీ "నాయినా" అంటే చూసేవాడు, అంతే. నాకు లోపల గుబులుగానే ఉండేది.

మూడు వారాలకు మళ్లీ దవాఖానకు వెళ్లాం. ఆయన్ను అత్త పక్కన బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్లాను. కార్డులు ఎందుకు మానేశారని డాక్టరమ్మ అడిగితే జరిగింది చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"చర్మానికైతే నువ్వనుకున్నదే నిజం నీలమ్మా. గాయం అలాగే మానుతుంది. మెదడులో నరాల కణం ఎదిగాక ఇంక రెండుగా చీలదు. దెబ్బ తగిలితే కొన్ని రెండవ్వాలని చూస్తాయి, పూర్తిచేయలేవు. ఆ ప్రయత్నంలోనే చచ్చిపోతున్నాయేమోనని మా అనుమానం. ఆ పరీక్ష అందుకే."

"అంటే పెరుగుతలేదా మేడం?"

"లేదమ్మా. మిగిలిన కణాలకే ఆ కార్డులతో మాట్లాడే పని నేర్పాలి. ఈ మొదటి నెలలు చాలా ముఖ్యం."

ఇంటికొచ్చి తడిగుడ్డతో గచ్చు తుడవబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను తప్పు జెప్పిన, దేవిశ్రీ నాయినా. పెరగదట. నాకు పాఠం సగమే ఎరుక. ఉన్నదానితోనే నేర్చుకోవాలె."

చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగాడు. అన్నం తినలేదు.

"ఎందుకు జెప్పినవే? నవ్వుకుంట ఉండె," అని అత్త గొణిగింది.

తెల్లారి సుత్తె బొమ్మ కార్డు ఆయన ముందు పెట్టాను. కోపంగా చూశాడు. చాలాసేపు పెదవులు కదిపి "సు..." అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. దేవిశ్రీ కూడా "సు" అంది. అత్త పాలగిన్నె దించి వచ్చి కూర్చుంది.

నేను కార్డు తీయలేదు.

"ఇంకోసారి," అన్నాను.