గటక కలిపిన చెయ్యి

నా యారాలు, ఇంటి పెద్దకోడలు రజిని చేతిలో అమృతం ఉందని మా అత్త శారమ్మ అనని రోజు లేదు. పెళ్లయి ఎడపల్లిలో అడుగుపెట్టిన నాడే విన్నాను ఆ మాట. ఆరేళ్లయింది, ఇంకా వింటూనే ఉన్నాను. నేను నిజామాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. రోగుల నమూనాల్లోంచి సూక్ష్మజీవులను పెంచి వాటి పేరు చెప్పడం నా పని. డిగ్రీ నాది, నెల జీతం నాది, పేరు మాత్రం పది తప్పిన రజిని వండే కోడికూరది. కడుపు మండదా మరి?

అందుకే ప్రతి ఆదివారం జొన్నరవ్వ ఉడికించి గటక వండి, చల్లారాక డబ్బాలో పెట్టుకుని అత్త, రజిని ఉండే ఎడపల్లికి బస్సెక్కేదాన్ని. చర్చి నుంచి రాగానే అందులో మజ్జిగ పోసి, చేత్తో మెత్తగా పిసికి అత్తకు ఇచ్చేదాన్ని. రజిని గరిటె తెచ్చిస్తే వద్దనేదాన్ని. "చేత్తోని పిసికితెనే రుచి, అక్కా" అనేదాన్ని. అత్త తాగి "మంచిగున్నది బిడ్డా" అనేది, అంతే. అమృతం మాట నా గిన్నె దాకా ఎన్నడూ రాలేదు.

ఈ ఏడాది చర్చిలో కోతల పండుగ అయింది. కొత్త వడ్లు, చెరుకు గడలు, గుమ్మడికాయలు, కోళ్లు ఎవరింట్లో ఏది పండితే, ఏది పెరిగితే అది తెచ్చి దేవుని ముందు పెట్టారు. వాటిని హర్రాజు పాడి అమ్మాక అందరికీ భోజనాలు. కోడికూర ఎప్పటిలాగే రజినిదే. మర్నాటికి పద్నాలుగు మందికి వాంతులు, విరేచనాలు. పైకి అయ్యో అన్నాను గానీ, లోపల నోట్లో చక్కెర పోసుకున్నట్టుంది.

వాళ్ల నమూనాలు మా ల్యాబ్‌కే వచ్చాయి. సూక్ష్మజీవులను పెంచే ప్లేట్ల మీద ఎర్రటి చుక్కలు, ఒక్కో చుక్క నడుమ కాటుక పెట్టినంత నలుపు. సాల్మొనెల్లా. నాలుగు రోజుల్లో అందరూ లేచి పొలం పనులకు పోయారు. అత్తకు విరేచనాలు లేవు గానీ, ఆ వారంలోనే జ్వరం పట్టుకుంది. బోధన్ ఆసుపత్రిలో చేర్చి, రక్తం మా ల్యాబ్‌కు పంపారు. అందులోనూ సాల్మొనెల్లాయే పెరిగింది.

ఇప్పుడు నేను చేసిన పాపం చెప్పాలి. అత్త ప్లేట్ మీద చుక్కల్లో నలుపు దాదాపు లేదు. చూశాను. చూసి పక్కన పెట్టాను. అన్ని రకాల సాల్మొనెల్లాలకూ కలిపి వాడే సీరం ఒక బొట్టు వేస్తే గింజలు గింజలుగా గడ్డకట్టింది. అది ఇంటిపేరు మాత్రమే చెబుతుంది. ఆ ఇంట్లో ఎవరో తెలియాలంటే విడివిడి సీరాలు వేయాలి, ఏ మందుకు చస్తుందో మళ్లీ చూడాలి. కొత్తగా చేరిన శృతికి ఈ సంగతి నేర్పిందే నేను. కానీ ఆ రోజు ఇంటిపేరు దగ్గరే ఆగిపోయాను. రజిని కూర అత్తను కూడా మంచాన పడేసిందంటే నాకు అంత హాయిగా ఉంది. కూర తిన్నవాళ్ల నమూనాలకు వచ్చిన మందుల ఫలితమే అత్త రిపోర్టులోనూ రాసేశాను, సిప్రో అనే మందు పనిచేస్తుందని.

రజినికి ఫోన్ కూడా చేశాను. "అక్కా, అత్త నెత్తురుల గూడ నీ కూరల పురుగే ఉన్నది."

ఆమె ఏడ్చింది. నేను వింటూ కూర్చున్నాను.

నాలుగు రోజులు సిప్రో ఎక్కించినా జ్వరం దిగలేదు. నా భర్త విజయ్ పాల్ ఆసుపత్రి నుంచి నేరుగా ల్యాబ్‌కు వచ్చాడు.

"అమ్మ ఏదేదో మాట్లాడుతున్నది. మందు పనిజేస్తలేదంటుండు డాక్టర్. గా రిపోర్టు కరెక్టేనా నవతా?"

ఫ్రిజ్‌లోంచి అత్త ప్లేట్, కూర తిన్నవాళ్ల ప్లేట్ తీసి రెండింటికీ విడి సీరాలు వేశాను. కూరలోది టైఫీమ్యూరియం. కోళ్లలో, పశువుల్లో, మనలో ఎక్కడైనా బతుకుతుంది, పేగులను రెండ్రోజులు అల్లాడించి పోతుంది. అత్తది టైఫీ, టైఫాయిడ్ తెచ్చేది. ఒకే ఇంటిపేరైనా జన్యువులు వేరు. తన చుట్టూ ముసుగు అల్లుకునే జన్యువులు టైఫీలో ఉన్నాయి, కూరలోదానికి లేవు. ఆ ముసుగుతో ఒంట్లోని కాపలా కళ్లుగప్పి రక్తంలోకి దిగుతుంది. డాక్టర్‌కు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. అప్పటికప్పుడు ఇంజెక్షన్ మార్చారు. సిప్రో దాన్నేమీ చేయలేదని మర్నాడు మందుల పరీక్ష ప్లేటూ చూపించింది.

జ్వరం దిగుతోందని తెలిశాక అసలు సంగతి గుర్తొచ్చింది. టైఫీ కోళ్లలో బతకదు. మనిషిలోనే ఉంటుంది, మనిషి నుంచే వస్తుంది. పోయిన ఏడాది టైఫాయిడ్ వచ్చి తగ్గింది నాకు. కొందరికి తగ్గినా అది పిత్తాశయంలో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. నా నమూనా నేనే పెట్టుకున్నాను. మూడో రోజు అవే చుక్కలు, నలుపు లేనివి. అత్తదీ నాదీ రెండింటినీ హైదరాబాద్ పంపాను. జన్యువులు చదివి, తేడా లేనట్టేనని రాశారు.

ఆ కాగితం పట్టుకుని ఎడపల్లి పోయాను. అత్త మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. రజిని గిన్నెలో గటక కలుపుతోంది, గరిటెతో.

"అక్కా, పద్నాలుగు మందిది నీ కూరనే. అత్తది గాదు" అన్నాను. అప్పుడు కూడా ఆ పద్నాలుగును వదలబుద్ధి కాలేదు నాకు.

"మరి అత్తకు ఎవరి నుంచి వచ్చింది?"

"నా చేతి నుంచి. ఆదివారం గటకల."

రజిని గరిటె పక్కన పెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుని గిన్నె అత్తకు అందించింది. అత్త రెండు గుక్కలు తాగింది.

"గిది గటకంటె. రజిని చేతుల అమృతమున్నదే" అంది.

సచ్చి బతికిన మనిషి అన్న ఆ మాటకు కూడా నా కడుపు భగ్గుమంది. సిగ్గులేని కడుపు. గిన్నె ఖాళీ అయ్యాక, కనీసం అదైనా కడుగుదామని చెయ్యి చాచాను.

రజిని గిన్నెను తన వైపు లాక్కుంది. కోపంగా కాదు, మెల్లగానే.

"నువ్వు ముట్టకు చెల్లె" అంది.