గోడ అవతలి బావి

నేను ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని. బారెడు పొడవుంటాను. లోపల ఏముందో బయటికి కనిపిస్తుంది. నా అడుగున ఒక గోళీ ఉంటుంది. తాడు కట్టి నీళ్ళలోకి దించితే అది పైకి లేచి నీటికి దారి ఇస్తుంది, పైకి లాగితే బిరడాలా బిగుసుకుంటుంది. మనుషులు నేలలో ఏవేవో పాతిపెట్టి మరచిపోతారు. ఆ తర్వాత భయం వేస్తే చూసి రమ్మని మమ్మల్ని పంపుతారు.

కార్ఖానాలో పుట్టి, సంచిలో సీలు వేయించుకుని, నీటిని పరీక్షించే హైమవతి చేతికి వచ్చాను. ఆమె నన్నూ నాలాంటి మరికొన్ని గొట్టాలనూ ఉత్తరాంధ్ర తీరాన ఉన్న ఒక పెట్రోలు డిపోకు తీసుకువెళ్ళింది. అక్కడ ట్యాంకుల చుట్టూ నేలలో సన్నని బోర్లు ఉన్నాయి. పెట్రోలు భూమిలోకి దిగితే ముందుగా వాటిలోనే తెలియాలి.

ప్రహరీగోడ పక్క బోరులోకి నా తోడుదాన్ని దించారు. అది పైకి వచ్చినప్పుడు లోపల నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ మీద వేలెడు మందాన మరొకటి తేలుతోంది, లేత పసుపు రంగులో. హైమవతి ముక్కు దగ్గర పెట్టుకోనక్కర లేకపోయింది.

మేనేజరు విశ్వనాథం ముఖం పాలిపోయింది. పైవాళ్ళకు ఫోను చేస్తానని, అంతదాకా ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. ఆమె గోడకేసి చూస్తూ అవతల ఎవరున్నారని అడిగింది. ఒక ఇల్లు, ఒక బావి ఉన్నాయని అతను చెప్పాడు.

ఒకసారి పెట్రోలు తగిలిన గొట్టాన్ని ఇంకో నీటిలో ముంచకూడదు. అందుకని నా సంచి చింపింది. ఆ బావిలో ఏముందో మొదట తెలిసేది నాకే. వద్దనడానికి నాకు నోరు లేదు.

ఆ ఇల్లు ఎర్నమ్మది. లారీ డ్రైవర్లకు ఇడ్లీలు వండి అమ్ముతుంది. ఎనిమిదో నెల కడుపుతో పురిటికి వచ్చిన కూతురు గుమ్మంలో కూర్చుని ఉంది. బావికి నాలుగడుగుల్లో కట్టెల పొయ్యి మండుతోంది. గోడ వెంబడి పెట్రోలు లారీలు బారులు తీరి ఉండటంవల్ల నీళ్ళలో వాసన వచ్చినా వాళ్ళు లారీలదే అనుకున్నారు.

నేను చీకట్లోకి దిగాను. నీళ్ళను తాకకముందే ఆవిరి నన్ను చుట్టుకుంది. గాలికన్నా బరువైన ఆవిరి బావి నిండా పేరుకుని, గట్టుదాకా లేచి, నిప్పుకోసం కాచుకున్నట్టుంది. పైకి వచ్చిన నాలోనూ అదే లేత పసుపు తేలడం చూడగానే హైమవతి పొయ్యికేసి తిరిగింది.

"అమ్మా, ముందు ఆ పొయ్యి ఆర్పెయ్యి," అంది మెల్లగా.

ఎర్నమ్మ చటుక్కున బావి నుంచి తోడిపెట్టిన నీళ్ళ బిందె ఎత్తింది. ఆమె నేరం ఏముంది, నిప్పుమీద నీళ్ళు పోయడమే లోకం నేర్పింది. బిందె వంగింది.

"ఆ నీళ్ళు కాదు!" హైమవతి అరిచింది.

బిందె గాల్లో ఆగిపోయింది. అంచు నుంచి ఒక చుక్క జారి పొయ్యికి దూరంగా మట్టిలో ఇంకింది. అప్పుడే పరుగున వచ్చిన విశ్వనాథం రెండు చేతులతో ఇసుక ఎత్తి పొయ్యిలో పోశాడు. మళ్ళీ మళ్ళీ, నిప్పు ఆరిపోయాక కూడా పోస్తూనే ఉన్నాడు. ఫోను జేబులోనే మోగుతోంది.

ఎర్నమ్మ బిందె దించి కూతురి వైపు చూసింది.

"ఏటమ్మా, పొద్దున్న కూడా దానికి ఈ నీల్లే తాగించినాను. ఏటవుద్ది?"

హైమవతి అబద్ధం చెప్పలేదు. ఇప్పుడే ఏమీ చెప్పలేనంది. ఆసుపత్రికి తనే తీసుకువెళ్తానంది.

ఆ తర్వాత డిపోలో, భూమిలోని పైపు అతుకు దగ్గర చిల్లు దొరికింది. పైపు మూసేశారు, బావికి కంచె వేశారు. పెట్రోలు తేలిన నీటిని తోడటం ఇంకా సాగుతూనే ఉంది. నన్ను ఇక దేనిలోనూ ముంచకూడదు కనుక వాడిపారేసిన చేతితొడుగులతో కలిపి ఒక డ్రమ్ములో వేశారు. కాల్చడానికి ఎప్పుడు తీసుకువెళ్తారో తెలియదు. మళ్ళీ నిప్పు మాటే.

మొన్న డ్రమ్ము పక్కన నిలబడి హైమవతి విశ్వనాథానికి చెబుతుంటే విన్నాను. ఆడపిల్ల పుట్టిందట, బరువు బాగానే ఉందట. డాక్టర్లు మాత్రం చూస్తూ ఉండాలన్నారట. ట్యాంకరు నీళ్ళు వచ్చినప్పుడల్లా ఎర్నమ్మ దోసిట పట్టి వాసన చూస్తుందట. ఆ తర్వాత కూతురు చూస్తుందట. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాకే పిల్లకు నీళ్ళు పోస్తారట.