దారి తప్పిన పొగ

దగ్గరికి జరగండి. చివర కూర్చున్నవాళ్ళు ఆ తలుపు మూయండి, చలిగాలి కొడుతోంది. అల్లా పేరుతో మొదలుపెడుతున్నాను, వినండి.

మా నారిన్ లోయలో గురువారం వస్తే ప్రతి ఇంట్లో బోర్సోక్ అనే పిండి ముక్కలు నూనెలో వేగుతాయి. ఆ కమ్మటి వాసనే పోయినవాళ్ళకు భోజనం. ఏ ఇంటి పొగ గుట్ట మీదున్న ఆ ఇంటివాళ్ళ సమాధి దగ్గరికి వెళ్ళి, కాసేపు కూర్చుని, చెదిరిపోతుంది. మామూలే.

సైరకన్ వేయించే పొగ మాత్రం, ఆమె కోడలిగా వచ్చిన నాటినుంచీ, మామగారి సమాధి దాటిపోయి గుట్ట చివర ఓ మట్టిదిబ్బ మీద వాలేది.

"మా ఆయన అక్కడ పస్తులుంటున్నాడు," అనేది అత్త కాలిపా, వాకిట్లోంచి చూస్తూ. "నీ పొగకి కూడా నీలాగే దారీ తెన్నూ తెలీదు. ఈ వారం కూడా తప్పిందా, మూట కట్టుకో."

పాలు పితికి, ఉన్ని దువ్వి, పిండి పిసికేసరికి సైరకన్‌కి మాటలకి ఓపిక మిగిలేది కాదు. "అమ్మ లేని పుట్టింటికి ఎలా పోను అత్తా?" అని మాత్రం అంది.

ఆ గురువారమూ పొగ తప్పింది.

మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళుగా గుట్ట ఎక్కని కాలిపా చేతికర్ర అందుకుంది. "పద. ఎవరి దగ్గర చేరుతోందో చూసి మరీ పంపిస్తా."

పొగ ఆ దిబ్బ మీద పిల్లిలా ముడుచుకుని ఉంది. సైరకన్ మాచిపత్రి దుబ్బులు పీకితే కింద ఓ రాయి, దాని మీద అరిగిన పేరు కనబడ్డాయి. బుర్మాకాన్.

కాలిపా అక్కడే చతికిలబడింది.

"కథలు రాసేది," అంది రాయి మీది మట్టి తుడుస్తూ. "పుస్తకం కూడా అచ్చయింది. అందులో ఏ మాట నచ్చలేదో, సర్కారులోని పైవాళ్ళు పట్టుకుపోయారు. తిరిగొచ్చాక సమష్టి క్షేత్రంలో గొర్రెల ఉన్ని కడిగేది. నేను చిన్నదాన్ని. బిందెడు నీళ్ళు మోసిస్తే ఓ కథ చెప్పేది. ఇంక రాయనే, నువ్వే దాచుకో అనేది."

"దాచావా?"

"పాలూ పేడా మధ్య ఏం దాస్తానే? పోయినప్పుడు ఈమె పేరు పైకి చెప్పి దువా చేయడానికి ఊరంతా భయపడ్డాం. తర్వాత భయం పోయింది. దాంతోపాటు పేరూ పోయింది."

సైరకన్ వెంట తెచ్చిన గుడ్డ విప్పి, వేడి తగ్గని బోర్సోక్ అత్త చేతిలో పెట్టింది. కాలిపా దాన్ని రాయి దగ్గర ఉంచి, రెండు అరచేతులూ ఎత్తి, మొగుడి పేరు చెప్పింది. ఆ వెనకే బుర్మాకాన్ పేరు కూడా, లోయకి వినబడేలా. పొగ లేచి రెండు పాయలైంది. ఒక పాయ అక్కడే ఉండిపోయింది. రెండోది నిదానంగా మామగారి సమాధి వైపు నడిచింది.

దిగేటప్పుడు కాలిపా కోడలి భుజం పట్టుకుంది. "బిందెడు నీళ్ళకి ఆమె చెప్పిన కథ ఒకటి గుర్తొస్తోందే. పాలు పితికేటప్పుడు చెబుతా."

"మరి నా మూట?"

"ఏం మూట? కర్ర పట్టుకో, కాలు జారుతోంది."

ఇంతే. మీరు నా పేరు మరిచిపోండి, పర్లేదు. చేతులెత్తి మీవాళ్ళను తలుచుకున్నాక, తలుచుకునేవాళ్ళు ఎవరూ లేని ఒకరి పేరు పైకి అనండి. ఈ ఒక్కటీ గుర్తుంచుకుని చేయండి, వచ్చే గురువారమూ చేయండి.